అంచుకొచ్చినది

ఆ ఇంటి పెద్దకోడలు సెంటు పూసుకోదు. గోళ్లకు రంగు వేసుకోదు, వాసన పౌడరు జోలికి పోదు. పెళ్లికైనా విందుకైనా ఉత్త నీళ్లతో స్నానం చేసిన మనిషిలాగే వెళుతుంది. చుట్టాల్లో కొందరు పిసినారి అన్నారు, కొందరు మొగుడు కొనిపెట్టడేమోనని జాలిపడ్డారు. ఆ మొగుడు పాపం పెళ్లయిన కొత్తలో ఒక సీసా కొనిచ్చి, అది అలమరలో మూత తీయకుండానే ఇంకిపోవడం చూసి నోరు మూసుకున్నాడు.

అసలు సంగతి ఆమె ఉద్యోగంలో ఉంది. పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రిలో, లోపలి ల్యాబ్‌లో, అండాన్నీ వీర్యకణాన్నీ కలిపే పని ఆమెది. ఆ గదిలోకి వచ్చే గాలిని కూడా వడగట్టి వదులుతారు. లైటు మసక. మాటలు తక్కువ. అండానికి ముక్కు లేకపోవచ్చు గానీ సెంటు ఘాటు దానికి అస్సలు పడదు. అందుకని ఆ గదిలో పనిచేసేవాళ్లెవరి దగ్గరా ఏ వాసనా ఉండదు. ఇంట్లో కూర మాడితే మాత్రం ఈవిడకు అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది, అది వేరే సంగతి.

అక్కడ చేసే పని రెండు రకాలు. మొదటిది సులువు. అండాలను ప్లేటులో పెట్టి, వాటి చుట్టూ వేలకొద్దీ వీర్యకణాలను వదిలి, వెచ్చటి పెట్టెలో పెట్టి తలుపు వేసేయడమే. తర్వాతది వాటి గొడవ. అవి ఈదుకుంటూ వెళ్లి, అండం పెంకును పట్టుకుని, కరిగించుకుంటూ లోపలికి దూరాలి. ఒకటి దూరిందంటే చాలు, అండం లోపల గడియ వేసేసుకుంటుంది, ఇక రెండోదానికి చోటు లేదు. రెండో రకం పని కష్టం. వేలల్లో ఒక్క కణాన్ని ఏరి, వెంట్రుకకన్నా సన్నటి గాజు సూదిలోకి లాగి, అండంలోకి స్వయంగా దింపాలి. ల్యాబ్‌లో వాళ్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు ఏరుడు. ఇవాళ ఏరుడు ఎంతమందికి, అని పొద్దున్నే అడుగుతారు.

ఆ మాట వినబడినప్పుడల్లా పెద్దకోడలికి ఒళ్లు మండేది. ఎందుకంటే ఇంట్లో కూడా అదే మాట.

ఎనిమిదేళ్ల కిందట ఆమె కళ్లజోడు మార్చుకోవడానికి ఒక షాపుకి వెళ్లింది. ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. ఆవిడ బల్ల చివర ముడుచుకుని కూర్చుంది. వెనక గదిలో అద్దాలు అరగదీసే అమ్మాయి ఒకతె, ఎవరూ పిలవకుండానే మిషను ఆపి, చేతులు తుడుచుకుంటూ నేరుగా ఈవిడ దగ్గరికొచ్చి, మీ జోడు ఎడమ చెవి దగ్గర ఎత్తుగా ఉంది, ఇలాగే పెట్టుకుంటే తలనొప్పి వస్తుంది, ఇవ్వండి అంది. ఇచ్చింది. ఆ పిల్ల కాస్త వెచ్చచేసి, వంచి, మళ్లీ ముక్కు మీద పెట్టింది. అంతే. పెద్దకోడలు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, మన చిన్నాడికి పిల్ల దొరికిందని ప్రకటించింది. అప్పటికి అత్తగారు తను ఒక సంబంధం చూసిపెట్టుకుని ఉంది. అది పక్కకు పోయింది. ఈ పిల్ల చిన్నకోడలై వచ్చింది. పెద్దకోడలు నలుగురిలో చాలా గర్వంగా, ఏరి కోరి తెచ్చుకున్నాను నా తోటికోడల్ని, అని చెప్పుకుంది.

నోరు ఊరికే ఉండదు కదా. ఆ మాటనే అత్తగారు దాచుకుంది. రెండేళ్లయినా పిల్లలు కలగకపోయేసరికి దుమ్ము దులిపి బయటికి తీసింది. "ఏరి కోరి తెచ్చావుగా" అనేది పెద్దకోడలితో, చిన్నకోడలు వినేలా. ఉప్పు తక్కువైనా అదే మాట, తువ్వాలు తడిగా ఉన్నా అదే మాట. ఆవిడ చెడ్డ మనిషి కాదు. జ్వరమొస్తే రాత్రంతా తల దగ్గర కూర్చునే రకం. కానీ నాలుక మీద ముల్లుంది, ఆ ముల్లు ఎవరికి గుచ్చుకుంటోందో చూసుకోదు. చిన్నకోడలు ఎదురు చెప్పేది కాదు. అత్తగారి కళ్లకు శుక్లాలు తీశాక, చదువుకోవడానికి జోడు కావాలంటే, ఆ అద్దాలు తనే అరగదీసి తెచ్చి పెట్టింది. ఆ జోడుతోనే ఆవిడ ఈ పిల్లని ఎగాదిగా చూసేది.

కానీ పెద్దకోడలితో మాత్రం చిన్నకోడలు మాటలు తగ్గించేసింది. తనని ఎవరో బుట్టలోంచి ఏరి తెచ్చిన వస్తువులాగా రోజూ ఇంట్లో వినబడుతుంటే ఎవరికి బాగుంటుంది. పెద్దకోడలికి అది అర్థమయ్యేది. అర్థమై ఏం లాభం, తన నోటితో తను అన్న మాటాయె.

చివరికి చిన్నకోడలూ మరిదీ ఇద్దరూ పెద్దకోడలి ఆసుపత్రికే వచ్చారు. అక్కడ ఒక నియమం ఉంది. సొంతవాళ్ల ప్లేటు మీద చెయ్యి వేయకూడదు. ప్రేమతో చెయ్యి వణుకుతుందట. అందుకని ఆ పని మీసాలాయనకు ఇచ్చారు. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు గానీ, పొద్దస్తమానం మూతికి మాస్కుంటే ఆ మీసాలు చూసిన పుణ్యాత్ములు తక్కువ. మంచి పనిమంతుడు, కాకపోతే కాస్త తొందర మనిషి.

మొదటిసారి సులువైన పద్ధతే పెట్టారు. అయిదు అండాలు, చుట్టూ వేలకొద్దీ కణాలు. మర్నాడు పొద్దున చూస్తే ఒక్క అండంలోనూ ఏమీ జరగలేదు. కణాలు ఈదడం లేదా అంటే బ్రహ్మాండంగా ఈదుతున్నాయి. అండం చుట్టూ గిరగిరా తిరుగుతున్నాయి. కానీ ఒక్కటీ పెంకును పట్టుకోలేదు. గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టకుండా వెళ్లిపోయే చుట్టాల్లాగా. తర్వాత చేసిన పరీక్షల్లోనూ అదే తేలింది. అండాల్లో తప్పు లేదు. పెంకును పట్టుకునే పట్టు ఆ కణాల తలల్లో లేదు. ఇదేం మగతనానికి లోటు కాదు, జ్వరంలాంటి ఒక సంగతి, ఈసారి సూదితో దింపుదాం అని డాక్టరమ్మ ఇద్దరికీ నెమ్మదిగా చెప్పింది.

మరిది లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎక్కడ తలుపు ఇరుక్కుపోయినా వెళ్లి తెరిచి మనుషుల్ని బయటికి లాగే మనిషి. అటువంటివాడు ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, "వదినా, అమ్మకి మాత్రం చెప్పొద్దు" అన్నాడు. పెద్దకోడలికి కోపం ముంచుకొచ్చింది. మరి నీ పెళ్లాం పడే మాటలో, అని అడగబోయింది. చిన్నకోడలు అడ్డంగా తల ఊపింది. ఆసుపత్రి సంగతులు గడప దాటకూడదన్నది ఎలాగూ ఉంది. ఇల్లూ ఆసుపత్రీ రెండూ ఒక్క మనిషిలోనే ఉంటే గడప ఎక్కడుందో ఎవరు చెప్పాలి. పెద్దకోడలు పళ్ల బిగువున ఊరుకుంది. ఇంటికెళ్లాక, కుదరలేదని మాత్రం విని, అత్తగారు లెక్క తేల్చేసింది, ఈ పిల్ల అండాల్లో సత్తువ లేదని. ఏరి కోరి తెచ్చావుగా అంది. మరిది గోడకేసి చూస్తూ అన్నం తిన్నాడు.

కొన్నాళ్లకు రెండోసారి మొదలైంది. చిన్నకోడలు ముందే చెప్పేసింది, ఇదే ఆఖరు, నా ఒంటికి ఇక ఓపిక లేదు అని. ఇంజక్షన్లతో పొట్ట నీలంగా కమిలిపోయిన మనిషిని ఇంకోసారి ప్రయత్నించమనడానికి ఎవరికి నోరొస్తుంది. డాక్టరమ్మ మూడు అండాలు తీసింది. మీసాలాయన వాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, మళ్లీ ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. పండిన అండానికి పెంకు లోపల ఒక పక్కన చిన్న బుడిపె ఉంటుంది. అది ఉంటేనే కణాన్ని అందుకోవడానికి సిద్ధమైనట్టు. మూడింట్లో రెండింటికి బుడిపె లేదు.

ఒక్కటే మిగిలింది. ఈ ఒక్కటీ పోతే, ఇంకేమీ లేదు.

ఆ గదిలో ఏ పని చేసినా పక్కన ఇంకొకరు సాక్షిగా కూర్చోవాలి. ప్లేటు మీద పేరు, నంబరు పైకి చదివితే, సాక్షి చూసి అవుననాలి. ఆ రోజు సాక్షిగా ఉండాల్సినామె జ్వరంతో రాలేదు. డాక్టరమ్మ ఆలోచించి, మీరు కూర్చోండి, కళ్లు పెట్టండి గానీ చెయ్యి పెట్టొద్దు అంది పెద్దకోడలితో. ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, తెరకెదురుగా కూర్చుంది. ఆ చేతులతో ఇన్నేళ్లలో ఎంతమందికి అండాల్లోకి సూది దింపిందో. ఇవాళ అవే చేతుల్ని ఒళ్లో కట్టేసుకుని కూర్చోవాలి. వంట గదిలో కూర్చుని పక్కవాళ్లు కూర తిప్పుతుంటే చూడ్డమే కష్టం, ఇక ఇది చెప్పాలా.

మీసాలాయన పేరు చదివాడు. అవునంది. నంబరు చదివాడు. అవునంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

ప్లేటు మీద నూనె పొర కింద చిన్న చిన్న చుక్కలున్నాయి. ఒక చుక్కలో అండం. పక్క చుక్కలో చిక్కటి ద్రవం, అందులో మరిది కణాలు. ఆ చిక్కదనంలో అవి మామూలుగా పరుగెత్తలేవు, బురదలో నడిచినట్టు మెల్లగా ఈదుతాయి. ఏరుకోవడానికి అదే వీలు. మీసాలాయన సూదిని దించి, ఒకదాని వెనక పడి, దాన్ని వదిలి ఇంకోదాని వెనక పడి, ఆగాడు. మీవాళ్లది కదా, చేత్తో కాకపోతే నోటితోనైనా మీరే ఏరండి, ఏది తీయమంటారో చెప్పండి అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

పెద్దకోడలు చాలాసేపు తెరకేసి చూసింది. వందల తలలు, వందల తోకలు. ఇందులో ఒకటి వేలు పెట్టి చూపించాలి. చూపించాక అది నిలవకపోతే? మళ్లీ అదే మాట, ఈసారి అనడానికి అత్తగారు కూడా అక్కర్లేదు, తనే అనుకుంటుంది.

"నేను ఏరను" అంది. "ఒకసారి ఏరిన పాపానికే ఇన్నేళ్లుగా వింటున్నాను. మీరూ ఏరకండి. వెంటపడకండి. ఊరికే ఆగండి. ఇంత చిక్కదనంలో కూడా దానంతట అది అంచుకి ఏదొస్తే, దాన్ని తీయండి."

మీసాలాయనకు ఆగడమంటే చేదు. అయినా ఆగాడు. ఇద్దరూ చుక్క అంచుకేసి చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఉన్నవి ఉన్నచోటే తిరుగుతున్నాయి. కొన్ని అంచుకేసి బయల్దేరి దారి మళ్లాయి. ఒకటి, పెద్ద వేగం లేదు, ఆర్భాటం లేదు, తోక ఒకే తీరుగా ఊపుకుంటూ వచ్చి, అంచు తాకి, అక్కడే తల ఆనించి నిలబడింది. తల నున్నగా, కోలగా బాగుంది. మీసాలాయన సూదితో దాని తోకను అదిమి ఒక్క గీటు గీశాడు. అలా గీస్తేనే కదలడం ఆగుతుంది, లోపలికి వెళ్లాక అండాన్ని నిద్రలేపే సరుకు కూడా అప్పుడే బయటికొస్తుంది. తర్వాత తోకవైపు నుంచి మెల్లగా సూదిలోకి లాగాడు.

ఇక అండం. ఎడమ పక్కన ఒక గాజు గొట్టం దాన్ని మెత్తగా పీల్చి పట్టుకుంది. బుడిపెను గడియారంలో పన్నెండుండే చోటికి తిప్పి పెట్టాడు. దాని దగ్గరే అండం తన సగం సామాను సర్దుకుని ఉంటుంది, సూది దానికి తగలకూడదు. అందుకని మూడుండే చోటు నుంచి సూది పెంకు లోపలికి వెళ్లింది. లోపలి పొర లోనికి సాగింది. సాగుతూనే ఉంది, గంజి మీద తెట్టును వేలితో నొక్కినట్టు. సూది అండం మధ్యదాకా వెళ్లింది. మీసాలాయన వేలు కణాన్ని వదలడానికి బిగిసింది.

సాక్షి పేరుకీ నంబరుకీ తప్ప నోరు విప్పకూడదు. పెద్దకోడలు విప్పింది.

"ఆగండి. పొర ఇంకా తెగలేదు."

ఆయన ఆగాడు. తెగకుండా వదిలితే కణం ఆ పొర సంచిలో పడి బయటే ఉండిపోతుంది, లోపలికి వెళ్లినట్టు కనబడుతుంది గానీ వెళ్లదు. ఆయన కళ్లు చికిలించి చూశాడు. తల ఊపాడు. సూదితో పిసరంత వెనక్కి పీల్చాడు. పొర కొంచెం సూదిలోకి వచ్చింది, ఇంకొంచెం వచ్చింది, హఠాత్తుగా లోపలి ద్రవం గబుక్కున పరుగెత్తింది. తెగింది. ఇప్పుడు ఆ ద్రవంతో పాటే కణాన్ని లోపలికి తోసి, సూదిని ఎంత మెల్లగా తీయాలో అంత మెల్లగా తీశాడు. చిన్న గరాటు లాంటి గుర్తు మిగిలింది, అది కూడా చూస్తుండగానే మూసుకుపోయింది. ప్లేటు వెచ్చటి పెట్టెలోకి వెళ్లింది. పెద్దకోడలు తన చేతులు చూసుకుంటే వేళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

ఇంటికెళితే చిన్నకోడలు మంచం మీద పడుకుని ఉంది. పెద్దకోడలు మంచినీళ్లు ఇచ్చి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక చిన్నకోడలు కళ్లు మూసుకునే, "నువ్వు చేశావా అక్కా?" అంది. ఎన్నాళ్లకు అక్కా అంది.

"లేదు. పక్కన కూర్చున్నాను."

"అది చాలు" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున పెట్టె తెరిచే వేళకు పెద్దకోడలు ముందుగానే చెప్పుల స్టాండు దగ్గర నిలబడి ఉంది. కణం నిజంగా అండాన్ని లేపి ఉంటే, ఈపాటికి లోపల రెండు వలయాలు కనబడాలి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక్కటే కనబడినా పనికిరాదు, మూడు కనబడినా పనికిరాదు. మీసాలాయన కళ్లు పెట్టి చూశాడు. తొందర మనిషి, ఎప్పుడూ టక్కున చెప్పేవాడు, ఇవాళ చెప్పలేదు. లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

పక్కపక్కనే ఆనుకుని రెండు వలయాలు. స్పష్టంగా, గుండ్రంగా, ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త చిన్నది.

పెద్దకోడలు ఏడ్చింది. ఏడుపంటే ఏడుపే, సంతోషమూ అలసటా ఇన్నేళ్ల ఉక్రోషమూ అన్నీ కలిసి ముక్కులోంచీ కళ్లలోంచీ వచ్చాయి. మాస్కు మార్చుకోండి మేడమ్, తడి మాస్కు ఇక్కడ పనికిరాదు అన్నాడు మీసాలాయన.

డాక్టరమ్మ భార్యాభర్తలను పిలిచి చెప్పింది. ఇది మొదటి గడపే, ఇంకా చాలా ఉన్నాయి, కానీ ఈ గడప దాటింది అని. తెర మీది ఫోటో ఒకటి అచ్చు తీసి ఇచ్చింది. మరిది దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, బస్సులో కూడా జేబు మీద చెయ్యి తీయలేదట.

ఆ సాయంత్రం ఆ ఫోటో ఇంట్లో టీ బల్ల మీదికొచ్చింది. అత్తగారు జోడు పెట్టుకుని, వంగి, అటూ ఇటూ తిప్పి చూసింది. చూసీ చూసీ, ఇందులో మావాడిది ఏది అంది. పెద్దకోడలు చూసి చెప్పలేమంది. ఆవిడ వినే రకమా. పెద్దగా ఉన్నదే మావాడిది, వాడు పుట్టినప్పట్నుంచీ దిట్టం. ఆ చిన్నది ఈ పిల్లది, అందుకే ఇన్నాళ్లు ఆలస్యం అని తనే తీర్పిచ్చేసింది.

మరిది కప్పు కింద పెట్టాడు. ఈసారి గోడకేసి చూడలేదు.

"పోయినసారి కుదరకపోవడానికి కారణం నేనమ్మా. దానిది కాదు. దాని అండాలు బాగానే ఉన్నాయి. నావే లోపలికి వెళ్లలేకపోయాయి. నీకు చెప్పొద్దని నేనే అన్నాను."

అత్తగారు కొడుకుని చూసింది, తర్వాత చిన్నకోడలి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసత్తయ్యా."

"తెలిసీ నా చేత ఇన్ని మాటలు అనిపించుకున్నావా?"

"నన్నంటే మీరు ఆ పూటకి మర్చిపోతారు" అంది చిన్నకోడలు. "ఆయన్నంటే ఆయన ఎప్పటికీ మర్చిపోలేడు."

అత్తగారు జోడు తీసింది. కొంగుతో అద్దాలు తుడిచింది, అద్దాలు తుడవడానికి అంతసేపు పట్టదు గానీ తుడుస్తూనే ఉంది. మళ్లీ పెట్టుకుంటే జోడు ఒక పక్కకు వాలింది. చిన్నకోడలు లేచి వెళ్లి, చెవి దగ్గర కాస్త వంచి సరిచేసింది. ఆవిడ ఆ చేతిని పట్టుకుంది. వదల్లేదు. అలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోటో తీసుకుని మళ్లీ చూసింది.

ఏది ఎవరిదో నిజంగా చెప్పలేరా అని ఈసారి నెమ్మదిగా అడిగింది. ఫోటోలో ఉన్న వలయాలు ఈపాటికి అక్కడ లేవు, గీతలు చెరిగిపోయి రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఇక ఎవరూ విడదీయలేరు అని చెప్పింది పెద్దకోడలు. మరి ఇంకేం, తెలియకపోవడమే నయం అంది అత్తగారు. కళ్లు తుడుచుకుంది. పెద్దకోడలి వైపు చూసి, అలవాటైన ఆ మాటే అంది గానీ, అందులో ముల్లు లేదు.

"ఏరి కోరి తెచ్చావే దీన్ని."

ఆ మాటకు పెద్దకోడలు ఇన్నేళ్లలో మొదటిసారి జవాబు చెప్పింది.

"నేను ఏరలేదత్తయ్యా. దానంతట అదే వచ్చింది."